ఆ 44,646 మంది ఎవరు?

కాగజ్‌నగర్ వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో పీజీ చదువుతున్న ఒక తమ్ముడు మాకు ఉత్తరం రాశాడు. 2023 నవంబరు అసెంబ్లీ ఎన్నికల్లో సిర్పూర్ నియోజకవర్గంలో ఏనుగు గుర్తు కోసం హాస్టల్ వదిలిపెట్టి, క్లాసులు ఎగ్గొట్టి ఊరూరా తిరిగినవాడు. గోడలకు నీలం రంగు పూసినవాడు. రాత్రిపూట ఎవరింట్లో గంజి దొరికితే అక్కడ తాగి పడుకున్నవాడు. ఇన్ని రోజులైనా ఆ పిల్లగాడి కోపం చల్లారలేదు. "మనోళ్ళు అమ్ముడుపోయిన్రు. మిల్లు కార్మికులకు ఇయ్యాల జెండా అక్కర్లేదు, నోటు కావాలె. కార్మికవర్గం అన్న మాటే అబద్ధం. నాకింక ఈ రాజకీయం వద్దు, గ్రూప్స్‌కు చదువుకుంటా" అని రాశాడు. మధ్యలో ఒక వాక్యం మమ్మల్ని ఎక్కువగా పట్టుకున్నది. "మా అమ్మ కూడా నోటు తీసుకుంది, నాకు చెప్పలేదు" అని.

ఆ ఉత్తరాన్ని మేం అచ్చువేయడం లేదు. అది వాళ్ళ ఇంటి ముచ్చట. కానీ అందులో ఉన్న ప్రశ్న ఒక్క పిల్లగాడిది కాదు. ఏ జిల్లాకు పోయినా మీటింగు అయిపోయాక చెట్టు కింద చాయ్ తాగేటప్పుడు మన కార్యకర్తలు అనుకునే మాట ఇదే. మైకులో ఎవరూ అనరు, అంతే. అందుకని ఇక్కడే మాట్లాడుకుందాం.

ముందు లెక్క చూద్దాం. 2023 డిసెంబరు 3న లెక్కింపు అయ్యేసరికి సిర్పూర్‌లో బీజేపీ అభ్యర్థి పాల్వాయి హరీష్‌బాబుకు 63,702 ఓట్లు. అప్పటిదాకా ఎమ్మెల్యేగా ఉన్న బీఆర్ఎస్ కోనేరు కోనప్పకు 60,614. తేడా 3,088. మూడో స్థానంలో బీఎస్పీ నుంచి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్‌కు 44,646. రాష్ట్రం మొత్తం మీద ఏనుగుకు వచ్చింది ఒకటిన్నర శాతం కూడా లేదు. అలాంటి రాష్ట్రంలో, రిజర్వుడు కూడా కాని ఒక జనరల్ సీటులో, నూటికి ఇరవై మందికి పైగా వచ్చి నీలం జెండాకు ఓటేశారు. తమ్ముడు ఉత్తరంలో ఓడిపోయిన సంగతి రాశాడు, అమ్ముడుపోయినవాళ్ళ సంగతి రాశాడు. ఈ 44,646 మంది గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మాకు ముందు కొరత అనిపించింది అక్కడే.

ఎవరు వాళ్ళు? ఏనుగుకు ఓటేస్తే రేషన్ షాపులో పేరు పోతుందేమో, పింఛను ఆగుతుందేమో, మేస్త్రి రేపటి నుంచి పనికి రావద్దంటాడేమో అని తెలిసి తెలిసి వేసినవాళ్ళు. ఏనుగు గెలిచినా ప్రభుత్వం ఏనుగుది కాబోదని తెలిసినవాళ్ళు. గెలిచే గుర్రం మీద పందెం కాసే అలవాటు ఉన్నవాళ్ళయితే ఆ ఓటు అటు పోయేదే కాదు. నోటు వాళ్ళ ఇంటికి కూడా వచ్చే ఉంటుంది గదా! పంచేవాడు ఇంటి గోడ మీద ఏ రంగుందో చూసి పంచడు, ఓటర్ల లిస్టు చూసి పంచుతాడు. కొందరు తీసుకుని ఉంటారు, కొందరు వద్దని ఉంటారు. తీసుకుని కూడా ఏనుగు మీద నొక్కినవాళ్ళు వాళ్ళలో ఎందరో!

తమ్ముడూ, నోటు తీసుకున్నదని అమ్మ మీద కోపం పెట్టుకున్నావు. ఓటు ఎవరికేసిందో అడిగావా? అడగకు. అది ఆమె సొంత విషయం. ఈ దేశంలో ఆమెకు ఒక్క గదిలో, ఒక్క నిమిషం, ఎవరి కళ్ళూ పడకుండా నిలబడే హక్కు దొరికేది ఆ అట్టపెట్టె వెనకాలే. కానీ నోటు తీసుకున్నదానికి, ఓటు వేసినదానికి మధ్య నువ్వు గీసిన గీత అంత తిన్నగా లేదని మాత్రం చెప్పగలం. హుజూరాబాద్ గుర్తుందా? 2021 ఆగస్టులో ఉప ఎన్నిక ముంగిట దళితబంధు అక్కడే మొదలైంది. కుటుంబానికి 10 లక్షలు. మన వాడల్లో అంత సొమ్ము పేరు విన్నదే అప్పుడు. నవంబరు 2న లెక్కింపయితే అధికార పార్టీ ఓడిపోయింది, ఈటల రాజేందర్ 23 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచాడు. ఓటు అంగట్లో సరుకైతే ఆ ధరకు అది జరగకూడదు. గెలిచినవాడి జెండా మనకు నచ్చిందా లేదా అన్నది వేరే ముచ్చట. పేదోడు చేయి చాపితే మెదడు కూడా చాపినట్టే అనుకునేది దొర. అదే మాటను మన నీలం కండువా వేసుకుని మనమే అనడం ఏం పద్ధతి?

ఇక రెండో మాట, కార్మికవర్గం మారిపోయిందనేది. ఇది ఉత్తి కోపం మాట కాదు, దీనిలో నిజం ఉంది. కాకపోతే ఏం మారిందో, ఎప్పుడు మారిందో చూడాలి.

కాగజ్‌నగర్ అన్న పేరే మిల్లు పెట్టిన పేరు. అంతకుముందు కొత్తపేట. నిజాం కాలంలో పేపరు మిల్లు వచ్చాక కాగితం ఊరయింది. మూడు షిఫ్టులు, సైరన్, క్వార్టర్లు, క్యాంటీను, గేటు మీటింగు. ఊరి గడియారమంతా మిల్లు సైరనే. అలాంటి మిల్లు 2014 సెప్టెంబరులో ఆగిపోయింది. 2018 ఆగస్టుదాకా మళ్ళీ తిరగలేదు. నాలుగేళ్ళు! జీతం లేని నాలుగేళ్ళలో ఒక కార్మికుడి ఇల్లు ఎట్లా నడిచిందో ఆలోచించు. ఆటో తోలినవాడు ఉన్నాడు, హైదరాబాద్ పోయి వాచ్‌మన్ అయినవాడు ఉన్నాడు. ఇల్లాలి పుస్తెలు గిర్వీ పెట్టినవాడు ఉన్నాడు. పొదుపు గ్రూపుల్లో ఆడవాళ్ళు తెచ్చిన అప్పు తిని బతికిన ఇళ్ళు ఉన్నాయి. ఆ నాలుగేళ్ళలో రెండు ఎన్నికలకు మధ్యకాలం మొత్తం దాదాపు గడిచిపోయింది. కొత్త యాజమాన్యం వచ్చి మిల్లు మళ్ళీ నడిచింది. కానీ పనిచేసే మనిషికీ మనిషికీ మధ్య ఉండే పాత తాడు అట్లాగే ఉంటుందా? షిఫ్టు ఒక్కటైనా జీతం రెండు రకాలు, గేటు ఒక్కటైనా కార్డు రెండు రంగులు అయినచోట, ఏ ఊరి కార్ఖానాలోనైనా సరే, కార్మికుడు ముందు తన గుత్తేదారు ముఖం చూస్తాడు. తర్వాతే జెండా చూస్తాడు. అది పిరికితనం అంటే మేం ఒప్పుకోం. రేపటి పని వాడి చేతిలో ఉంది.

అదే రైలు పట్టాల మీద కిందికి రా. బెల్లంపల్లి, మందమర్రి, మంచిర్యాల దాటి రామగుండం. సింగరేణిలో 1990ల మొదట్లో పర్మనెంటు కార్మికులు లక్షకు పైగా ఉండేవాళ్ళు. ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల. భూగర్భ గనులు తగ్గాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి. మట్టి తీసేది, బొగ్గు మోసేది చాలావరకు కాంట్రాక్టు మనుషులు. గుర్తింపు సంఘం ఎన్నికలు 1998 నుంచి జరుగుతున్నాయి. 2012లో, 2017లో అప్పటి టీఆర్ఎస్‌కు అనుబంధంగా ఉన్న తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం గెలిచింది. వారసత్వ ఉద్యోగాల మాట అప్పుడు గనుల మీద మోగిపోయింది. 2023 డిసెంబరు 27న మళ్ళీ ఎన్నిక జరిగింది. ప్రభుత్వం మారి నెల కూడా కాలేదు. ఏఐటీయూసీ గెలిచింది, ఐఎన్‌టీయూసీ 2 వేల లోపు ఓట్ల తేడాతో రెండో స్థానంలో నిలిచింది. రెండుసార్లు గెలిచిన సంఘం నామమాత్రం ఓట్లకు పడిపోయింది. అదే గని, అదే కార్మికుడు. రాత్రికి రాత్రి అతని వర్గ చైతన్యం ఎటు పోయింది, ఎట్నుంచి వచ్చింది?

మా దృష్టిలో ఎటూ పోలేదు. సంఘం అంటే తన పని చేసి పెట్టే దళారీ అని కార్మికుడికి ఏళ్ళ తరబడి నేర్పింది సంఘాలే. క్వార్టరు కావాలంటే సంఘం, బదిలీ కావాలంటే సంఘం, మెడికల్ అన్‌ఫిట్ కావాలంటే సంఘం. పని ఎవరి ద్వారా అవుతుందో వాళ్ళకు ఓటు. సర్కారు ఎవరిదైతే పని వాళ్ళ ద్వారా అవుతుంది. కార్మికుడు ఆ లెక్క సరిగ్గానే వేశాడు. ఇంకో సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఈ గుర్తింపు ఎన్నికలో ఓటు పర్మనెంటు కార్మికులకే. 2022 సెప్టెంబరులో రెండు వారాలకు పైగా సమ్మె చేసి సింగరేణిని కదిలించిన కాంట్రాక్టు కార్మికులకు ఆ పెట్టెలో చీటీ వేసే హక్కు లేదు. వాళ్ళలో మన వాడల వాళ్ళు ఎందరో వేరే చెప్పాలా? ఊడ్చేవాళ్ళు, మోసేవాళ్ళు, కడిగేవాళ్ళు. కార్మికవర్గం ఎటు పోయిందని అడిగేవాళ్ళు ముందు ఓటర్ల లిస్టు బయట నిలబడ్డ ఈ కార్మికవర్గాన్ని చూడాలి.

ఇది మన బొగ్గు బెల్టుకే వచ్చిన తెగులు అనుకోవద్దు. ఇంగ్లండులో బోల్సోవర్ అని ఒక బొగ్గుగని ప్రాంతం ఉంది. అక్కడి నుంచి డెన్నిస్ స్కిన్నర్ అనే పాత గని కార్మికుడు 1970 నుంచి లేబర్ పార్టీ ఎంపీ. 2019 డిసెంబరు ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు, దొరల పార్టీ అని తాతల కాలం నుంచి తిట్టుకున్న కన్జర్వేటివ్ పార్టీ అక్కడ గెలిచింది. అక్కడి విద్యార్థులు కూడా మన తమ్ముడిలాగే తలపట్టుకున్నారు. మన ముసలోళ్ళకు బుద్ధి పోయిందన్నారు. కానీ బోల్సోవర్ గని మూతపడింది 1993లో. గని పోయిన పాతికేళ్ళకు ఓటు పోయింది. మధ్యలో ఆ పాతికేళ్ళు ఆ ఊళ్ళో ఎవరు కూర్చున్నారు, ఎవరు కూర్చోలేదు అన్నది అడగాల్సిన ప్రశ్న.

మన దగ్గర కార్మికవర్గం ఎప్పుడూ ఒకే ముద్దగా లేదు. ఆ సంగతి ఎర్రజెండా అన్నలకంటే ముందు బాబాసాహెబ్ చెప్పారు. బొంబాయి బట్టల మిల్లుల్లో నేత ఖాతాలో జీతం ఎక్కువ. దారం తెగితే నోటితో తడిపి అతకాలి గనక అంటరానివాళ్ళను అక్కడికి రానిచ్చేవాళ్ళు కాదు. రానివ్వనిది యజమాని ఒక్కడే కాదు, పక్కన పనిచేసే సవర్ణ కార్మికుడు కూడా. 1920ల చివర్లో సమ్మెల కాలంలో అంబేడ్కర్ ఆ ప్రశ్న ఎత్తితే కార్మిక ఐక్యత చెడగొడుతున్నాడన్నారు. అయినా ఆయన కార్మికుడిని వదల్లేదు. 1936లో పెట్టిన పార్టీకి ఇండిపెండెంట్ లేబర్ పార్టీ అని పేరు పెట్టారు. 1937లో బొంబాయి ప్రాంతంలో 17 చోట్ల పోటీ చేసి 14 గెలిచింది. 1938లో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో కార్మికుడికి శత్రువులు ఇద్దరు, బ్రాహ్మణిజం ఒకటి, పెట్టుబడిదారీ ఇంకొకటి అన్నారు. అదే ఏడాది నవంబరు 7న సమ్మె హక్కు మీద దెబ్బకొట్టే పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా, తనకు పడని కమ్యూనిస్టులతో కలిసే బొంబాయిలో ఒక్కరోజు సమ్మె చేయించారు.

అంతటి మనిషి 1952 మొదటి లోక్‌సభ ఎన్నికల్లో బొంబాయి సిటీ నార్త్ నుంచి ఓడిపోయారు. గెలిచింది కాంగ్రెస్ నిలబెట్టిన మరో దళితుడు, నారాయణ్ కజ్రోల్కర్. తేడా 14 వేల పైచిలుకు. రాజ్యాంగం రాసి రెండేళ్ళు నిండాయో లేదో. 1954లో భండారా ఉప ఎన్నిక, మళ్ళీ ఓటమి. కార్మికులు ఆయన్ని మోసం చేశారని, మహర్‌వాడలు అమ్ముడుపోయాయని ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టలేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మంది ఆయన వెంట నిలబడ్డారు. ఓటు వేయనివాళ్ళు కూడా అందులో ఉండే ఉంటారు!

1994లో మనకూ ఒక దెబ్బ తగిలింది. 1985 కారంచేడు, 1991 చుండూరు మంటల్లోంచి లేచిన ఉద్యమం. కాన్షీరామ్ ఆంధ్రప్రదేశ్ అంతా తిరిగారు. సభలకు జనం ఇసుక వేస్తే రాలలేదు. ఆ డిసెంబరు ఎన్నికల్లో ఎన్టీఆర్ గాలి వీచింది, మన ఏనుగుకు ఒక్క సీటు రాలేదు. అప్పుడు కూడా పిల్లలు ఇట్లాగే రాశారు, ఇట్లాగే మాట్లాడారు. కొందరు నిజంగానే ఇంటికి పోయారు. ఉత్తరప్రదేశ్ చూసి ధైర్యం తెచ్చుకున్నాం అప్పట్లో. అదే ఉత్తరప్రదేశ్‌లో 2007లో 403 సీట్లలో 206 గెలిచిన బీఎస్పీ 2012లో 80కి, 2017లో 19కి, 2022లో 1కి వచ్చింది. 2024 లోక్‌సభలో సున్నా, ఆ రాష్ట్రంలో ఓటు 9 శాతం చిల్లర. ఇప్పుడు ధైర్యం కోసం అటు చూడడానికి లేదు.

మొదటి ఎన్నిక ఓడటానికి, రెండోది ఓడించడానికి, మూడోది గెలవడానికి అని కాన్షీరామ్ అనేవారు. ఆయన నోట ఆ మాట నిజం, ఎందుకంటే ఆయన మూడోదాకా ఉన్నారు. 1984లో జాంజ్‌గిర్ ఓడారు, 1988లో అలహాబాద్ ఓడారు, 1989లో అమేథీ ఓడారు, 1991లో ఇటావా గెలిచారు. మధ్యలో సైకిల్ దిగలేదు. కానీ సిర్పూర్‌లో ఏం జరిగింది?

తమ్ముడి కోపంలో అసలు ముల్లు ఇక్కడుంది, దీన్ని దాటేసి మాట్లాడితే నిజాయితీ కాదు. గురుకులాలను నడిపించిన ఐపీఎస్ అధికారి 2021లో ఉద్యోగం వదిలి ఏనుగెక్కారు. మన పిల్లలు ఆయన్ని నమ్మారు, నమ్మడానికి కారణాలు కూడా ఉన్నాయి. 2022లో సర్వాయి పాపన్న ఊరు ఖిలాషాపూర్ నుంచి బహుజన రాజ్యాధికార యాత్ర మొదలుపెట్టి ఊళ్ళకు ఊళ్ళు తిరిగారు. దొరల గడీ పాలన పోవాలన్నారు. 2023లో ఓడారు. 2024 మార్చిలో బీఆర్ఎస్‌తో పొత్తు అన్నారు. పార్టీ పై నాయకత్వం దానికి ఒప్పుకోలేదని మార్చి 16న రాజీనామా చేశారు. 18న గులాబీ కండువా. నాగర్‌కర్నూల్ నుంచి ఆ పార్టీ తరఫున పోటీ చేసి మూడో స్థానంలో నిలిచారు. ఆయన కారణాలు ఆయన చెప్పారు, వాటిని ఎవరైనా తూకం వేసుకోవచ్చు. మేం అడిగేది వేరు. మొదటి ఎన్నిక ఓడాక రెండోదాకా ఎవరూ ఆగకపోతే ఆ గోడల మీద నీలం రంగు ఎవరిది? పోలింగు రోజు పొద్దున్నే లైన్లో నిలబడి ఆ గుర్తు మీద నొక్కిన మనిషి, మూడున్నర నెలలకే పేపరు చూసి ఏమనుకోవాలి?

అసలు సిర్పూర్‌లో ఏనుగు గెలవలేదన్నది కూడా సగం నిజమే. 2014లో అక్కడ గెలిచింది ఏనుగే! కోనేరు కోనప్పకు టికెట్టు దొరక్క బీఎస్పీ బీ-ఫారం తెచ్చుకుని గెలిచారు. నిర్మల్‌లో ఇంద్రకరణ్‌రెడ్డి కూడా అంతే. గెలిచిన కొన్నాళ్ళకే ఇద్దరూ టీఆర్ఎస్‌లో చేరారు. ఆ గెలుపులో బహుజనుడు ఎక్కడున్నాడు? ఏనుగు బొమ్మ ఒక అద్దె బండి అయింది, ఎక్కినవాడు ఊరు రాగానే దిగిపోయాడు. తమ్ముడు బడికి పోయే వయసులో జరిగిన ఆ గెలుపుకంటే, వాడు తిరిగి తెచ్చిన ఈ ఓటమి వెయ్యి రెట్లు మేలు. మాకు ఇందులో సందేహం లేదు.

అందుకని మేం అనేది ఒకటే. ఓడింది ఎన్నికల్లో కాదు గెలుపోటములు తేలిన తర్వాత. డిసెంబరు 4 నుంచి ఆ వాడలకు మళ్ళీ ఎవరు పోయారు? ఓటు అడగడానికి ఇరవైసార్లు తొక్కిన గడప, ఓటేసినందుకు చెయ్యి పట్టుకుని పలకరించడానికి ఒక్కసారన్నా తొక్కారా? అవతలివాడు అట్లా లేడు. గెలిచినా ఓడినా వాడి మనిషి ఊళ్ళో ఉంటాడు. చావుకు వస్తాడు, పెళ్ళికి వస్తాడు, దవాఖానకు ఫోన్ కొడతాడు. గుడి కమిటీ పెడతాడు, వినాయకుడికి చందా ఇస్తాడు. నోటు ఒక్క రాత్రి పంచుతాడు గాని మనిషిని అయిదేళ్ళు ఉంచుతాడు. ఆ మనిషి పనిని నోటు పని అనుకోవడం దగ్గరే మన పిల్లల అంచనా తప్పుతోంది.

'మనోళ్ళు' అన్న మాట కూడా జర ఆలోచించి వాడాలి. సిర్పూర్‌లో మనోళ్ళంటే ఎవరెవరు? మాల వాడ, మాదిగ వాడ, నేతకాని, గోండు గూడేలు, బీసీ కులాలు, ముస్లిం బస్తీలు. 1994 జులై 7న ఈదుమూడిలో దండోరా మొదలైనప్పటి నుంచి మాదిగలు అడుగుతున్న వర్గీకరణ ప్రశ్నను పక్కన పెట్టి అందరూ ఒకే జెండా కిందికి రావాలంటే ఎట్లా వస్తారు? 2023 నవంబరు 11న, పోలింగుకు ఇరవై రోజుల ముందు, ప్రధానమంత్రి సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌లో మాదిగల సభకు వచ్చి కూర్చున్నారు. వాళ్ళు పట్టించుకున్నట్టు కనబడటానికైనా వచ్చారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. ముప్పై ఏళ్ళు రోడ్ల మీద నడిచినవాళ్ళ ప్రశ్నను మన నీలం వేదికల మీద గొంతెత్తి పలికినవాళ్ళు ఎందరు? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇంకొక వాడ ఉంది. కాగజ్‌నగర్ చుట్టుపక్కల, ఈస్‌గావ్, నజ్రుల్‌నగర్ వైపు, తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులుగా వచ్చి స్థిరపడ్డ బెంగాలీ కుటుంబాలు. వాళ్ళలో చాలామంది నామశూద్రులు. పశ్చిమ బెంగాల్లో వాళ్ళు ఎస్సీలు. ఇక్కడ ఆ సర్టిఫికెట్టు లేదు, దాని కోసం చాలా ఏళ్ళుగా అడుగుతున్నారు. మన కార్యకర్తలు వాళ్ళను 'బెంగాలోళ్ళు' అని ఒక మాట అని దాటిపోతారు. కానీ 1946లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ ఎన్నికల్లో దాదాపు తుడిచిపెట్టుకుపోయినప్పుడు, రాజ్యాంగ సభకు బొంబాయి నుంచి అంబేడ్కర్‌కు దారి మూసేసినప్పుడు, ఆయన్ని గెలిపించి పంపింది ఎవరు? బెంగాల్ నుంచి జోగేంద్రనాథ్ మండల్, ఆయన వెంట ఉన్న నామశూద్ర నాయకులు. దేశవిభజనతో ఆ ప్రాంతమే పాకిస్తాన్‌కు పోయింది, ఆ జనం ఇల్లూ వాకిలీ వదిలి చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ఆ చెట్లలో ఒకటి మన ఈస్‌గావ్. అంబేడ్కర్ పేరు చెప్పి ఓటడిగే హక్కు మనకు ఎంతుందో, అంబేడ్కర్‌కు ఓటేసిన పెద్దల పేరు చెప్పుకునే హక్కు ఆ వాడకు అంతకంటే ఎక్కువుంది. పోయి వాళ్ళ ఇంటి ముందు కూర్చుని ఆ ముచ్చట చెప్పినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?

గ్రూప్స్‌కు చదువుకుంటానన్నాడు తమ్ముడు. శుభం. చదువుకో. అది రాజకీయం వదిలేయడం అని ఎవరు చెప్పారు నీకు? 1978లో కాన్షీరామ్ పెట్టిన బామ్‌సెఫ్ నిలబడింది ఉద్యోగస్తుల జీతాల మీదే. ఆ జీతాల్లోంచే 1984లో పార్టీ పుట్టింది. తహశీల్ ఆఫీసులో మన పిల్ల కుర్చీలో కూర్చుంటే కులం సర్టిఫికెట్టు కోసం వచ్చిన ముసలామె నిలబడి ఉండదు. ఉద్యోగం రావాలె, వచ్చాక వాడ వైపు తిరిగి చూడాలె. రాకపోతే? రాకపోయినా వాడ ఉంది. పరీక్షలు, నోటిఫికేషన్లు, పేపర్ లీకులు, కోర్టు కేసులు, వీటి మధ్య ఏళ్ళకేళ్ళు గదుల్లో మగ్గుతున్న మన పిల్లల సంగతి మాకూ తెలుసు. ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ నెలకు ఒక ఆదివారం ఊరికి పోవడానికి ఏ సిలబస్సూ అడ్డం రాదు.

పోయి ఏం చేయాలి అంటారా. ఉపన్యాసం వద్దు. ఎన్నికల కమిషన్ ఫారం 20 అని ఒకటి పెడుతుంది. ఏ పోలింగు బూతులో ఏ గుర్తుకు ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. ఎవరు వేశారో ఉండదు, ఎన్ని పడ్డాయో ఉంటుంది. సిర్పూర్ ఫారం 20 తీసి, బూతు పక్కన ఊరి పేరు, వాడ పేరు తెలుగులో రాసుకోండి. ఏనుగుకు 200 దాటిన బూతులు ఒక రంగు, 50 దాటనివి ఇంకో రంగు. 200 దాటినచోటికి ముందు పోండి, ఎందుకంటే అక్కడ మనుషులు ఉన్నారు, మనం లేం. కాంట్రాక్టు పనికి పోయే ఇళ్ళలో కూర్చుని పీఎఫ్ చీటీ చూపించమనండి. నెంబరు ఉందా, నెలనెలా జమ అవుతోందా, ఫోన్లో అయిదు నిమిషాల్లో చూసి చెప్పవచ్చు. పత్తి ఏరే ఆడవాళ్ళకు కిలోకు ఎంత ఇస్తున్నారో, కౌలు రైతుకు పెట్టుబడి సాయం ఎందుకు రాలేదో, పింఛను లిస్టులో ఎవరి పేరు తీసేశారో రాసుకోండి. దరఖాస్తు రాసివ్వండి, మండలాఫీసుకు వెంట పోండి, మళ్ళీ పోండి. అవతలివాడి మనిషి చేసే పని ఇదే. తేడా ఒక్కటి: వాడు చేసి రుణం కట్టిస్తాడు, మనం చేసి లెక్క నేర్పిస్తాం. ఆ లెక్క నేర్చినవాళ్ళ మధ్య నుంచి, పై నుంచి దిగివచ్చినవాడు కాకుండా, ఆ ఊళ్ళ అభ్యర్థి ఎవరో తేలనివ్వండి. ఆసిఫాబాద్ నుంచి, 2009లో బెల్లంపల్లి నుంచి అసెంబ్లీకి పోయిన గుండా మల్లేశ్ కమ్యూనిస్టు, మన పార్టీ కాదు. అయినా ఆ బెల్టు ప్రజలు ఒక దళితుడిని నాలుగుసార్లు గెలిపించారు. డబ్బున్నవాడని గెలిపించలేదు.

సిర్పూర్, ఆసిఫాబాద్, బెల్లంపల్లి, చెన్నూరు వైపు కార్యకర్తలు ఎవరైనా ఇట్లా బూతులవారీగా లెక్క రాస్తే మాకు పంపండి. చేతిరాత అయినా ఫర్వాలేదు, చదవగలిగేటట్టు ఉంటే చాలు. ఊరి పేరు, బూతు నెంబరు, ఆ వాడలో ఇప్పుడు నడుస్తున్న కూలి రేటు, ఆగిపోయిన పింఛన్ల సంఖ్య తప్పకుండా రాయండి. మనుషుల పేర్లు రాయొద్దు. వచ్చినవాటిని వచ్చే సంచిక నుంచి వరుసగా వేస్తాం.